నిటారు ఎముక

కనిగిరికి పడమట, కంపచెట్ల నడుమ
రాకాసి గుళ్ళంటాం మేం ఆ రాళ్ళ వలయాల్ని.
మేకలు మేస్తాయి గానీ
పొద్దుగూకితే మనుషులం అటు తొక్కం.

పోయిన మాఘంలో ఒంగోలు నుంచి జీపొచ్చింది.
హబీబున్నీసా మేడం దిగింది
తాడు, కొలబద్ద, సున్నం సంచీతో.
రోజుకి ఆరొందలు, మధ్యాన్నం మజ్జిగ.
పొగాకు గ్రేడింగు ఘాటు కన్నా నయమేలే అని
పలుగు పక్కనబెట్టి చిన్న తాపీ పట్టాను.

"తవ్వొద్దు మాలకొండయ్యా, గీకు" అంది.
ఇరవయ్యేళ్ళు బావులు తవ్విన చెయ్యి ఇది,
గీకడం నేర్చుకునేసరికి వారం పట్టింది.
మట్టి రంగు మారితే ఆగాలి.
జల్లెట్లో మిగిలిన ప్రతి పెంకుకీ ఒక సంచీ,
సంచీకో చీటీ, చీటీ మీద లోతు.
నా పుట్టినరోజు ఎక్కడా రాసి లేదు,
పగిలిన చట్టిమూతికి మాత్రం
సెంటీమీటర్లతో సహా జాతకముంది.

బంగారం పడిందా అన్నాడు సొసైటీ ప్రెసిడెంటు.
"వాళ్ళు మావాళ్ళేనని తేలుద్దా?" అని
పై వీధోళ్ళూ కింద వీధోళ్ళూ
విడివిడిగా వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.
మేడం అందరికీ టీ పోయించింది.
"ఎముక్కి ఇంటిపేరుండదండీ" అంది.
ఆ టీ ఎవరికీ రుచించలేదు.

పన్నెండో రోజు, ఐదడుగుల కింద
కాళ్ళున్న మట్టిపెట్టె బయటపడింది.
లోపల నలుపు, వెలుపల ఎరుపున్న గిన్నె ఒకటి,
తుప్పు తినగా మిగిలిన కొడవలి ముక్క,
ఒక ఆడమనిషి.
బ్రష్షుతో ఊదినట్టు తుడిచాను.
కాలెముక తేలింది,
గీత గీసినట్టు.

అది విని మా అక్క పెంచలమ్మ వచ్చింది.
నలభయ్యెనిమిదేళ్ళు దానికి.
మెడ లేవదు.
ఆకాశం చూడాలంటే మంచమెక్కి వెల్లకిలా పడుకోవాలి.
ఇంటి నుంచి గుళ్ళకి పావుమైలు,
కర్రతో, ఆగి ఆగి, రెండు గంటలు నడిచింది.
గోతి అంచున కూలబడి
చీర మోకాటి దాకా లాక్కుని
కొడవలిలాంటి తన కాలు
ఆ కాలెముకకి ఎదురుగా పెట్టింది.

ఎవ్వరం మాట్లాడలేదు.
జల్లెడ ఆడించే పిల్లాడు కూడా ఆపేశాడు.

"ఈ తల్లి ఏ నీళ్ళు తాగిందిరా?" అంది అక్క.

నేను తవ్వినవి నలభై అడుగుల బావులు.
అవి ఎండినాక ఏడొందల అడుగుల బోరు దిగింది.
నీళ్ళు పైకి లేస్తే కొబ్బరికాయ కొట్టాం,
పసుపు నీళ్ళాడాం.
మొదటి బిందె అక్కే ఎత్తింది.

మేడం పెన్ను ఆగింది.
రాజుల గురించి అడిగితే గడగడా చెప్పే మనిషి
పుస్తకం మూసి, గోతిలోకి దిగి
రెండు పళ్ళు విడిగా కట్టింది, పక్కన గుప్పెడు మట్టి.
"హైదరాబాదు పంపిస్తాను. పళ్ళు చెబుతాయేమో."
ఏమో అనే మాట
ఆఫీసరు నోట వినడం నాకదే మొదలు.

మర్నాటి నుంచి ఆమె గుళ్ళు వదిలి
మేకల కాపర్ల వెంట తిరిగింది.
వానొస్తే నీళ్ళు ఎటు పోతాయి?
ఆ వంకకి పేరుందా?
రోడ్డు పడక ముందు అక్కడేముంది?
"నీళ్ళకి దూరంగా ఇన్ని గుళ్ళు కట్టరు మాలకొండయ్యా."

ఫాల్గుణంలో డబ్బులైపోయాయి.
పట్టా పరిచి, గోతులు పూడ్చి, జీపు వెళ్ళింది.
పళ్ళ సంగతి ఇంకా రాలేదు.
రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తది.
పిల్లలు సున్నం గీత వెంబడే బిందెలు పేరుస్తారు,
మేడం గీసిన గీత అది, ఇంకా చెరగలేదు.
అక్క రాత్రిళ్ళు మంచం మీంచి అడుగుతుంది:
"పళ్ళేమన్నా చెప్పినాయా?"

ఆదివారాలు నేను ఒక్కణ్ణే వంకలోకి పోతున్నాను.
తవ్వడం లేదు, గీకుతున్నాను.
నిన్న మూడడుగుల కాడ
మట్టి రంగు మారింది.

ఆగాను.
బీడీకట్ట కాగితం చింపి
లోతు రాసుకున్నాను.