పన్నెండు వోల్టులు

పుదుప్పేటలో మధ్యాహ్నం. సీటు ఊడదీసి
గోడకానించాడు దేవసహాయం.
ఫోనుకి, టైరులో గాలి కొట్టే బుల్లి పంపుకి
ఒక్క సాకెట్ చాలన్నాను.

"బ్యాటరీ నుంచి తిన్నగా లాగేస్తే
నువ్వు నిద్రపోతావు, అది తాగుతూనే ఉంటుంది"
అని తమిళం కలిసిన తెలుగులో తిట్టి
రిలే ఒకటి, పది ఆంపియర్ల ఫ్యూజు ఒకటి
చొక్కా జేబులోంచి తీశాడు, వక్కపలుకుల్లా.

ట్యాంకు కింద వేళ్ళు పోనిచ్చి ఆగాడు.
ముందే ఒక తీగ ఉంది అక్కడ.
ఎర్రది. కొసకి టేపు చుట్టి, మడిచి,
ఎక్కడికీ పోకుండా.

నాకు బండి అమ్మినాయన
ఆఫీసుకి తప్ప నడపలేదన్నాడు.
తాళాలిచ్చేటప్పుడు ట్యాంకు మీద చెయ్యి
కాసేపు అలాగే ఉంచాడు.

"కత్తిరించేయనా?"
కొస గీకి చూడమన్నాను.
రాగి ఇంకా మెరుస్తోంది.
దానికే కలపమన్నాను.

తాళం తిప్పితే
సాకెట్ మూత కింద నీలం చుక్క.
పెట్రోలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
"ఎంత దూరం?" అన్నాడు దేవసహాయం.

ఇంకా అనుకోలేదు.
ఎనిమిది వందలిచ్చి
బండిని ఎండలోకి తోసుకొచ్చాను,
స్టార్టు చెయ్యడం మరిచి.