యాడికి

భుజం రెండించీలు కిందికి జారింది.
"కుట్టు తప్పింది, ఇప్పు" అంటి.
"తప్పలేదమ్మా, దించినా" అనింది దిల్షాద్.

ఇరవై రెండేండ్లు రాయదుర్గంలో
జీన్సు ప్యాంట్లకు జోబీలు కుట్టినదాన్ని.
జోబీకి రూపాయి పావలా.
నూలుపోగంత వంకర పోతే
మేస్త్రీ ప్యాంటు నా మొగానికేసి కొట్టేవాడు.
ఇప్పుడు నా కూతురు
టేపు పెట్టి కొలిచి మరీ వంకర తిప్పుతాంది,
దానికో పేరుండాదంట,
దానికో రేటూ ఉండాదంట.

హైదరాబాదులో మూడేండ్లు చదివొచ్చి
మిద్దె మీద రేకుల షెడ్డులో
నా పాత మిషనుకు నూనె పోసింది.
"హుడీ కుట్టవా, అందరూ అదే ఏస్తారంటనే" అంటే
"మన ఎండకా? లోపల మనిషి వడియమైపోతాడు" అని నగింది.
గళ్ళ లుంగీ గుడ్డ తెచ్చింది,
వాషింగు యూనిటోళ్ళు పారేసిన జీన్సు పీలికలు తెచ్చింది,
సెల్లు ఏస్తే మోకాలి కాడ తగిలేంత లోతు
జోబీ నన్ను కుట్టమనింది.
అంత లోతు జోబీ ఎన్నడూ కుట్టలా నేను.
ఏం పెట్టుకుంటారో అందులో ఈ పిల్లోళ్ళు:
చార్జరు, దువ్వెన, సగం తిన్న బుడ్డల పొట్లం,
సప్లీ పరీక్ష హాల్‌టికెట్టు.

వీపు మీద అచ్చేసిన్నాడు గొడవైంది.
ఒకటే మాట, బెత్తెడు ఎత్తు, బుడ్డల పొట్టు రంగు:
యాడికి.

"ఏమ్మే, బుద్ధుండాదా?
గడప దాటేవాళ్ళను యాడికని అడగగూడదు,
పోయే పని చెడతాది.
మా అవ్వ ఆ మాటకు చెప్పు తీసుకునేది.
నువ్వు వీపుకే రాస్తివి!"

దిల్లు స్క్రీను కడుగుతా చెప్పింది:
"పొద్దస్తమానం అదే అడుగుతారమ్మా వీళ్ళను.
బండి తీస్తే నాయన, సందు మలిగితే పక్కింటాయప్ప,
సర్కిల్లో పోలీసు.
ఇంటర్వ్యూలో సారు గూడా,
అయిదేండ్ల తర్వాత యాడుంటావని.
ఈసారి వీళ్ళే అడగనీ."

నలభై కుట్టినాం. మూడు పోయినాయి,
ఒకటి మా తమ్ముడి కొడుక్కు, అప్పుకు.
మిగతావి మంచం కింద, కలరా ఉండల్తో
రెండు నెల్లు.
రాత్రిళ్ళు మిషను లేకుండానే
దాని కాలు ఆడేది, నిద్రలో.

అప్పుడు ఎర్రిస్వామి కొడుకు తిప్పేష్ బండిని
కణేకల్లు రోడ్డులో ఆపినారు.
"యాడికిరా?"
వాడేం మాట్లాడలా. వెనక్కి తిరిగి నిలబన్యాడు.
పోలీసాయప్ప చదివినాడు, నగు ఆపుకోలేకపోయినాడు,
హెల్మెట్టు లేనందుకు ఫైను మటుకు రాసినాడు.
వెనక సీటోడు సెల్లులో పట్టింది
తెల్లారేసరికి గుంతకల్లు దాటింది,
కర్నూలు దాటింది.

ఆర్డర్లు రాసుకునేదానికి నోటు పుస్తకం చాలలా.
అందులో ఒకటి యాడికి నుంచి.
ఊరే యాడికి.
"టికెట్టుకు మా ఊరి పేరు చెప్తే కండక్టరు
'నేనడిగేదీ అదేరా' అంటాడక్కా.
పన్నెండు పంపు, మా క్రికెట్ టీముకు."
నాకు నగొచ్చింది. దిల్లు నగలా.
ఆ పన్నెండూ తనే కుట్టింది,
నన్ను ముట్టనీలా.

నిన్న బెంగుళూరు బస్సుకు బయల్దేరింది,
ఏదో బజార్లో రెండు దినాలు
అంగడి పెట్టుకోనిస్తారంట.
రెండు మూటలు, భుజం జారిన అంగీ.
ఏ పేట, ఎవురింట్లో పండుకుంటావు,
తిరిగి ఎన్నిటికి వస్తావు,
అన్నీ నా నాలిక కొసన నిలబన్యాయి.
గడప దాటింది. వీపు కనపడింది.

"ఉండు" అంటి.
జారిన భుజం కాడ ఒక దారం ఏలాడతా ఉండె.
పళ్ళతో కొరికి ఉమ్మేసినా.
రొంత ఉప్పగా ఉండె, రంగు ఇంకా ఇడుస్తాంది.

"ఇంక పో బిరీన. బస్సు ఆగదు."