గరిటె చేతికిచ్చిన ఆదివారం

కోడి రాత్రే మజ్జిగలో మునిగింది.
ఉప్పు, మిరియాలు, చిటికెడు ఎర్రకారం.
పైన పళ్లెం బోర్లించి
పిల్లి తెరవకుండా ఒక ఇటుక.

చర్చి నుంచి వచ్చీ రాగానే
మా మేనత్త ఆర్థీలియా
టోపీ తీసి ఫ్రిజ్ మీద పెట్టింది,
మేజోళ్లు విప్పి కుర్చీకి వేలాడేసింది,
నా వైపు తిరిగి "చేతులు కడుక్కో" అంది.
పదకొండేళ్లుగా వింటున్న మాటే,
ఆ రోజు మాత్రం దానికి అర్థం వేరు.

ఆమె కుడిచేతికి కట్టు. ఆపరేషనై తొమ్మిది రోజులు.
సౌత్ కరోలినాలో మా ఊరి చివరి కోళ్ల ఫ్యాక్టరీలో
పంతొమ్మిదేళ్లు రెక్కలు కోసిన చెయ్యి అది.
కొక్కేలకు వేలాడుతూ వస్తూనే ఉంటాయట,
ఒక్కో రెక్కకి ఒక్క కోత, సరిగ్గా కీలు దగ్గర.
తుమ్మొస్తే రెండు కోళ్లు దాటిపోతాయట.
చర్చికి ముందు నిమ్మచెక్కతో మూడుసార్లు రుద్దుకునేది,
అయినా ఫ్యాక్టరీ వాసన ఆమె పక్కనే కూర్చునేది.
నిద్రలో కూడా ఆ బొటనవేలు
దుప్పటి అంచున కీలు వెతుక్కునేది.

పిండి కాగితం సంచిలో. ముక్కలు అందులో.
"ఆడించు. గట్టిగా. అది నీకు బాకీ ఉన్నట్టు."
ఇనప మూకుడులో పందికొవ్వు కరిగి నిగనిగలాడింది.
తొడముక్క వేస్తే చుర్రుమని అరిచింది,
నేనూ అరిచాను.
"నీ భయం దానికి తెలియనీకు."
ఆమె కళ్లు మూసుకుంది.
"చూడకు. విను."

మొదట రేకుల మీద జడివాన.
తర్వాత సన్నటి తుంపర.
తర్వాత పక్కగదిలో ఎవరో గుసగుసలాడినట్టు.
"లోపలి నీళ్లన్నీ పోయాయి. ఇప్పుడు తీయి."

కొవ్వు వంచేసి రెండు గరిటెలు మిగిల్చాం.
అడుగున మాడీ మాడని పలుకులు.
గీకి పారేయనా అన్నాను.
దేవుణ్ణి తిట్టినవాణ్ణి చూసినట్టు చూసింది.

"పిండి చల్లు. తిప్పు. ఆపకు. ఆ మూల కూడా.
సెంటు బిళ్ల రంగు రావాలి,
కొత్త బిళ్ల కాదు జునెల్, జేబులో తిరిగిన బిళ్ల."
పాలు ఒక్కసారే కుమ్మరించాను.
ఉండలు కట్టింది.
కట్టున్న చెయ్యి గరిటె కోసం లేచి
సగంలో ఆగింది.
గాల్లో అలా ఎంతసేపు ఉందో.
తర్వాత దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది,
ఎవరో చూడమని ఇచ్చిపోయిన బిడ్డలా.
"అంచుకి నొక్కి చిదుము. తొందరేం లేదు.
ఇక్కడ లైను నడవడం లేదు."

లెమ్యూల్ మామయ్య వచ్చి కూర్చున్నాడు,
గోళ్ల కింద షెడ్డు గ్రీజుతో.
ఈ గ్రేవీతో గోడకి కాగితం అంటించొచ్చు అన్నాడు,
మూడుసార్లు వడ్డించుకున్నాడు.
అత్త పళ్లెంలో అన్నం, దాని మీద గ్రేవీ,
పక్కన కాసిని చిక్కుళ్లు. ముక్క లేదు.
ఎప్పుడూ అంతే.
మాకు మిగలాలనేమో అనుకునేదాన్ని.

"అత్తా, గ్రేవీ కూడా కోడేగా?"

ఎడమచేత్తో చెంచా పట్టుకుని,
పసిపిల్లలా మూతంతా పూసుకుని,
కాసేపు నమిలింది.
"కోడే. కానీ ఇందులో కీలు లేదు."

మామయ్య నమలడం ఆపాడు.
ఉప్పు అందుకోమన్నాడు.
అది ఆయన మోచేతి దగ్గరే ఉంది.

అన్నీ చెప్పింది గానీ
మూకుడు సబ్బుతో తోమొద్దని చెప్పడం మరిచిపోయింది.
తళతళలాడేలా తోమి పెట్టాను.
ఆ గొడవ గురువారం దాకా నడిచింది.