కడుపు నిండా దూదే

మా మనవరాలు నస్రీన్ ఫోన్లో
ఒక రాక్షసిని చంపుతా ఉంది.
పొద్దున్నుంచీ చావడం లేదంట.
నెత్తిమీద ఎర్రగీత ఒకటి ఉంటాది,
అది అరిగితేనే చస్తాదంట.
"తాతా, ఇంత పెద్దదాన్ని ఎప్పుడన్నా చూసినావా?"

చూసినా.
చూడడం ఏంది, దాని పొట్ట కుట్టినా.

ఆ ఏడు ఆదోనికి డబ్బింగ్ బొమ్మ ఒకటి వచ్చింది.
సముద్రంలోంచి లేస్తాదంట,
రైలును వక్కల మాదిరి నములుతాదంట.
టాకీసు గంగాధర శెట్టికి కటౌటు కావల్ల.
హీరోది కాదు, దానిది.
"హీరో మొకం ఎవురికి తెల్సు? జనం వచ్చేది దీనికోసమే గదా!"

పెయింటర్ వన్నూరప్ప తలకాయ చేసినాడు.
కండ్లకు లారీ లైట్ల అద్దాలు,
పండ్లకు బేతంచెర్ల బండ ముక్కలు.
ఒళ్లు మాత్రం మా నాయన పని.
జిన్నింగు మిల్లులో ఊడ్చి పారేసే దూది,
గింజలూ నలకలూ పోనిది,
పదహారు బోరాలు.
విల్లు పట్టుకోని మూడు రాత్రులు ఏకినాడు హుసేనప్ప.
టంయ్. టంయ్. టంయ్.
వీధిలో కుక్కలు గూడా మొరగడం మానేసి విన్నాయి.

నాకప్పుడు పన్నెండేండ్లు.
సన్నగా ఉండానని లోపలికి తోసినారు.
దబ్బనం, పురికొస, గుడ్డిలాంతరు.
వెదురు డొక్కల మధ్య మైదాబంక వాసన.
బయట యాడో దూరంగా నాయన దగ్గు,
దగ్గు వెనకాల మాట:
"గట్టిగా కుట్టురా, గాలికి పేగులు బయటపడతాయి."

మొదటాట నాకు నేల టికెట్టు ఊరికే ఇచ్చినారు.
తెరమీద అది అడుగు తీసి అడుగేస్తే
ఆడోళ్లు పిల్లోల్ల కండ్లు మూసినారు.
నాకు భయం కాలే.
కడుపులో ఏముందో తెలిసినోనికి ఏం భయం?
సముద్రం మాత్రం అదే మొదలు చూడడం.
పక్కన హమాలీ ఒకాయన
రాక్షసిని ఇడిసిపెట్టి వెనకాల నీళ్లకల్ల చూస్తా,
"అన్ని నీళ్లు ఎవురివప్పా?" అన్నాడు.

నాలుగో నాటి రాత్రి వాన.
రెండేండ్ల మీద వచ్చిన వాన.
దూది తాగింది. పోసిందంతా తాగింది.
తెల్లారేసరికి
పొట్ట ముందుకొచ్చి, మోకాళ్లు మడిసి,
నిండు చూలాలి మాదిరి
రోడ్డుకు అడ్డంగా కూచోనుంది రాక్షసి.
మార్కెట్టుకొచ్చే పత్తిబండ్లు వెనక వెనకే నిలబడినాయి.
ఎద్దులు అడుగు ముందుకెయ్యలే.
ఎవురో ముసలామె బండి దిగి టెంకాయ కొట్టింది,
వాన తెచ్చిన తల్లి, అని.
శెట్టి తల పట్టుకున్నాడు.
రెండో టెంకాయ పగిలినాక
తల ఇడిసిపెట్టి, పళ్లెం పెట్టించినాడు.

వారం దాటింది. ఎవురూ తీయలే.
ఒకనాడు పొద్దున చూస్తే
దాని డొక్కలో, నేను కుట్టిన కుట్టు సందులోంచి
పచ్చగా రెండాకులు.
పత్తి మొలక.
నాయన చాలాసేపు చూసినాడు.
నవ్వబోయినాడు, దగ్గు వచ్చింది.

మళ్లీ ఏడు మొగులు కానరాలే.
పల్లెలోళ్లు మా గడపలో కూచున్నారు:
"హుసేనప్పా, ఆ రాచ్చసిని ఇంకోతూరి నిలబెట్టు."
విల్లు గోడకే ఉండిపోయింది.
కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు
ఆ నల్లకాగితాన్ని వెలుగుకు పట్టి చూపించినాడు.
రొమ్ము నిండా తెల్లగా.
ఏకి ఏకి పరిచినట్ల.
లోపలికి పోయి కుట్టడానికి
నేను మరీ పెద్దోన్నయిపోయినా.

"తాతా! చచ్చింది! చచ్చింది!"
లోపల ఏముండె పాపా?
"ఏం లేదు. బంగారు కాసులు రాలినాయి, అంతే."
ఇంకో ఆట.
అదే రాక్షసి మళ్లీ లేసి నిలబడింది,
ఎర్రగీత నిండుగా.
పాప వేళ్లు టకటక కొడుతున్నాయి.
నేను అద్దాలు తుడుసుకోని
దాని పొట్ట కింద
కుట్టు యాడుందా అని ఎతుకుతా ఉండా.