చీల తీసిన మధ్యాహ్నం

తూర్ అబ్దీన్ కొండల్లో ఆ ఊరికి
బస్సు వారానికి రెండుసార్లే.
దిగితే సున్నపు దుమ్ము, తేనెరంగు రాయి,
పొగ లేస్తున్న పదకొండు పొయ్యిలు.
సిరియాక్ అక్షరాలు నేర్పుతానని ఉత్తరం రాసిన
మల్ఫోనో గెవర్గీస్ (మల్ఫోనో అంటే పంతులే)
గుమ్మంలోనే అడిగాడు:
"ఆకలా? ముందు పాఠమా?"

పాఠమే అన్నాను.
అబద్ధం.

ఓలఫ్, మీమ్, నూన్.
కుడి నుంచి ఎడమకి మూడక్షరాలు రాసి
వాటిమీద వేలితో తట్టాడు,
పుచ్చకాయ పండిందో లేదో చూసేవాడిలా.
"ఈ వేరు నుంచే హైమొనూతొ.
మీరు విశ్వాసం అంటారే, అది.
దీన్నుంచే ఆమీన్,
ప్రార్థన కదిలిపోకుండా చివర్న మేం కొట్టే మేకు.
దీన్నుంచే ఊమొనొ కూడా. పనిమంతుడు.
అదుగో, వాడు."

కిటికీ అవతల షాబో
కూలిన గుడి వాకిలికి కమాను కడుతున్నాడు.
ఆదివారాలు కూడా లోపలికి రాడట.
బయటే గోడ నీడన కూచుని
ఉలికి పదును పెట్టుకుంటాడట.

"హీబ్రూ మాకు పెదనాన్న కూతురు," అన్నాడు మల్ఫోనో.
"వాళ్ళింట్లో ఇదే వేరు
తలుపును మోసే కంబానికి ఉంది,
పరాయి బిడ్డను రొమ్ముకు హత్తుకునే దాదికి ఉంది.
ఇంకో చోట, కొండమీద ఒక ముసలివాడు.
కింద యుద్ధం.
చేతులెత్తితే గెలుపు, దించితే ఓటమి.
ఎంతసేపని ఎత్తుతాడు?
కింద ఒక రాయి వేసి కూచోబెట్టారు.
ఇటొకడు, అటొకడు
పొద్దుగూకేదాకా ఆ చేతులు పట్టుకున్నారు.
ఆ చేతులు ఎలా ఉన్నాయో చెప్పడానికి రాసిన మాట
ఈ మాటే.
ఆయన మనసులో ఏముందో రాయలేదు, చూశావా?
చేతులు దిగలేదని రాశారు."

నేను పెన్సిల్ కొరుకుతూ ఉండిపోయాను.
నమ్మడమంటే తలకాయ పని అనుకున్నాను ఇన్నేళ్ళూ.
మణికట్టు గురించి ఎవరూ చెప్పలేదు.

అంతలో బయటినుంచి కేక.
చివరి రాయి కూచుంది.
ఇక కిందున్న చెక్క ఊతం తీసెయ్యాలి.

తీసేటప్పుడు కట్టినవాడే కింద నిలబడాలని
ఆ ఊరి మేస్త్రీల లెక్క.
షాబో వెళ్ళి నిలబడ్డాడు.
మేనత్త ష్మూనీ చేతికర్ర ఊపింది:
"ఒక్కసారైనా దేవుణ్ణి తలుచుకోరా, దున్నపోతా!"
"పంతొమ్మిది రాళ్ళు చెక్కాను కదత్తా," అన్నాడు,
అరచేతుల దుమ్ము లాగుకి తుడుచుకుంటూ.

అన్న కూతురు నీసానే, పదమూడేళ్ళది,
సుత్తితో చీల మీద కొట్టింది.
ఒకటి.
రెండో దెబ్బకి చీల ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.
కమాను
గోరంత
దిగింది.

రాయి రాయిని వెతుక్కున్న చప్పుడు.
షాబో జుట్టు మీద కాస్త సున్నం.
ఆపైన ఏమీ లేదు,
పిచికలు కూడా.

అప్పుడు అందరం ఊపిరి వదిలాం,
ష్మూనీ, నీసానే, మల్ఫోనో, నేను,
గోడమీది పిల్లలు.
అంతసేపూ బిగబట్టామని అప్పుడే తెలిసింది.

విశ్వాసం.
నా భాషలో ఆ మాట కడుపులో శ్వాస ఉంది.
బెదురు లేకుండా వదలగలిగిన ఊపిరి.
బడిలో వందసార్లు కాపీ రాశాను ఆ మాటను,
ఒక్కసారీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదు.

మల్ఫోనోకి చెబుదామనుకున్నాను.
ఆయన అప్పటికే కమాను కంబానికి ఆనుకుని
కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.
"ఇప్పుడు నిజం చెప్పు, ఆకలా?"

అవునన్నాను.

వాకిలి అవతలి వరండాలో గోధుమ పులావు,
పెరుగు, ఎండిన ద్రాక్ష.
ఒంటె కూడా పట్టేంత ఎత్తుంది ఆ కమాను.
అయినా దాని కిందనుంచి వెళ్తూ నేను తల వంచాను.
షాబో చూశాడు.
ఎందుకని అడగలేదు,
నా గిన్నెలో ఇంకో గరిటె వేశాడు.