నిలబడిన బొమ్మ

మైపాడు రోడ్డు దిగి, రొయ్యల గుంటల మధ్య
రెండు ఫర్లాంగులు గట్టు మీద నడిస్తే మా బడి.
బీరువాలో బొమ్మల పుస్తకాలు నలభై మూడు.
ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపట్టి
ప్రతి పుస్తకం నడుమా రెండు గోధుమరంగు మచ్చలు.

శనివారం తలా ఒకటి ఇంటికిస్తాను.
చెంగమ్మ తీసుకుంది ఒక ఇంటి కథ.
పెంకుల ఇల్లు, కిటికీకి పూల పరదా,
బల్ల చుట్టూ నాన్న, అన్న, పాప, పిల్లి.
పేజీకి ఒక్క వాక్యం, అదీ చిన్నది.
ఇచ్చాక అనుకున్నా,
గుంట కాపలాకి వేసిన రేకుల పాకలో ఉండే పిల్లకి
ఈ పరదాలు చూపించడం ఏందని.

సోమవారం తేలేదు. మంగళవారమూ తేలేదు.
"మా అవ్వ ఇంకా చదవతా ఉండాది టీచర్" అంది.
మస్తానమ్మవ్వకి అక్షరం ముక్క రాదని
గట్టు గట్టంతా ఎరుగు.

ఆ సాయంత్రం నేనే పోయాను.
ఏరేటర్లు నురగ చిమ్ముతున్నాయి.
పెంచలయ్య కాకుల మీదికి టపాకాయ పేలుస్తున్నాడు.
అవ్వ చాప మీద పుస్తకం పరిచి
బొమ్మల మధ్య వేలు నడిపిస్తా ఉంది,
నాట్లేసిన మడిలో నడిచినట్టు, తొక్కకుండా.

"ఈ పిల్లి దొంగది, పాల మీదే కళ్ళు.
ఈ అబ్బయ్యకి జొరం, చూడు, బుగ్గలు ఎర్రగా.
ఈ నాయన మంచోడే గానీ
పేపరు దించి ఒక్క మాట మాట్టాడడు."
పేజీ తిప్పింది. తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చింది.
"అమ్మీ, ఈ తల్లి మొదట్నించీ నిలబడే ఉందే!
వడ్డిస్తా ఒకచోట, ఉతకతా ఒకచోట.
ఇన్ని కుర్చీలు గీసినాయన
ఆమెకొక్క పీటన్నా గీయలా?"

నాలుగేళ్లుగా ఆ పుస్తకం చదివి వినిపిస్తున్నాను.
నాకెప్పుడూ కనపడలా.

చెంగమ్మ ఏమీ అనలా.
ఎనిమిదికి కంపెనీ ఆటో వచ్చింది.
రొయ్య తలలు గిల్లే షెడ్డులో పొద్దంతా నిలబడి
వేళ్లు తెల్లగా నానిపోయిన వాళ్లమ్మ దిగి,
కాళ్లు కడుక్కుని,
గ్యాసు పొయ్యి ముందు మళ్లీ నిలబడింది.

పిల్ల లేచి, మేత బక్కెట్టు దులిపి,
బోర్లించి, అమ్మ వెనక పెట్టింది.
"ఏందే ఇది?"
"కూసో."
"కూర ఎవురు తిప్పతారు?"
"ముందు కూసోమా."

నన్నూ తినిపొమ్మన్నారు.
అన్నం కొంచెం అడుగంటింది.
ఎవరూ దాని మాట ఎత్తలా.

శుక్రవారం పుస్తకం తిరిగొచ్చింది,
రొయ్యమేత వాసనతో, అంచున ఒక తడి చారతో.
ఐదో పేజీలో ఆ తల్లి వెనక
పెన్సిల్‌తో ఒక బక్కెట్టు, పిడితో సహా.
ఆరులోనూ ఉంది. ఏడులోనూ.
పదకొండులో ఆమె బట్టలారేస్తున్న చోట
దండెం కింద గడ్డిలో కూడా వదిలిపెట్టలా.

రిజిస్టర్లో ఒక గడి ఉంటుంది: పుస్తకం స్థితి.
పైవాళ్లు వచ్చి చూస్తారు.
పెన్ను పట్టుకుని బీరువా దగ్గర
చాలాసేపు నిలబడి,
తర్వాత కుర్చీ లాక్కున్నాను.