రుమాలు కింద వేళ్ళు

మిర్చి యార్డు రోడ్డులో ఏప్రిల్ ఎండ.
ఘాటుకి కంప్యూటర్లూ తుమ్ముతాయని
సైదావలి జోకు.
మా కోల్డ్ స్టోరేజీలో
చల్లగా ఉండేది సరుకొక్కటే.

మూడుంపావుకి మెయిలొచ్చింది.
కోటిలింగం గారి పేరు, కోటిలింగం గారి తొందర,
చివర్లో ఎప్పటిలాగే
ఒత్తు ఎగిరిపోయిన 'అర్జెంటు'.
బ్యాడిగి పార్టీ ఖాతా మారిందట.
నలభై రెండు లక్షలు కొత్త నంబరుకి,
నాలుగింటిలోగా.

పదకొండేళ్ళు
'వెయ్యమ్మా' అంటే వేశాను
'ఆపమ్మా' అంటే ఆపాను
మధ్యలో ఆలోచించడానికి
నాకెవరూ జీతమివ్వలేదు.

పోయిన నెల సైదావలి గోడకో కాగితం అంటించాడు:
ఖాతా మారితే ఫోన్ చేసి అడగాలి,
మన దగ్గరున్న పాత నంబరుకే,
ఎవరు చెప్పినా సరే.
'ఎవరు చెప్పినా' కింద రెండు ఎర్ర గీతలు.
అడుగున మొదటి సంతకం కోటిలింగం గారిదే.
చదివే పెట్టారో
పెట్టమంటే పెట్టారో.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.
మళ్ళీ చేశాను.
ఏ పెళ్ళిలో భజంత్రీల పక్కన కూర్చున్నారో.
బ్యాడిగి నంబరు ఎంగేజ్.
మూడూ నలభై.
మౌసు మీద చూపుడు వేలు
చెమటతో జారుతోంది.

మా నాన్న ఈ యార్డులోనే బేరగాడు.
రుమాలు కింద చెయ్యి పెట్టి
ఏ వేలు నొక్కితే ఎంత ధరో
పక్కనున్నవాడికీ తెలియనిచ్చేవాడు కాదు.
'మొహం చూడక్కర్లేదే,
అరచేతి గరుకు చెబుతుంది ఎవడో' అనేవాడు.
జీవితంలో ఒక్కసారే మోసపోయాడు.
ఆ చెయ్యీ తెలిసినవాడిదే.

తెర మీద అక్షరాలు తడిమి చూశాను
పిచ్చిదానిలా.
నున్నగా ఉన్నాయి.

నాలుగు దాటింది.
డబ్బు కదల్లేదు.
అక్కడ లారీ కూడా.

ఐదింటికి వచ్చారాయన,
చొక్కా మీద ఇంకా అక్షింతలు.
మెయిలు ఆయనదే. ఖాతా నిజమే.
'నన్నే నమ్మలేదా హైమా?'
తూకం కుర్రాళ్ళు కాటా దగ్గరే ఆగిపోయారు.
సైదావలి కీబోర్డులోకి తల దించేశాడు,
గీతలు గీసినవాడు.

మిమ్మల్ని నమ్మే గదా సార్
మీ సంతకాన్ని నమ్మాను,
అందామనుకున్నాను.
నోరు రాలేదు. గోడ వైపు చూశాను.
ఆయనా చూశారు.
ఫ్యాను గాలికి కాగితం
ఒక మూల లేచి పడుతోంది.

లారీ ఆగినందుకు పద్దెనిమిది వేలు.
ఎవరి వల్లో పక్కన రాయమన్నారు.
నా పేరు నేనే రాసుకున్నాను
గుండ్రటి అక్షరాలతో.
అది దొంగ మెయిలే అయ్యుంటే
ఈపాటికి నాకో శాలువా.
జరగని నష్టానికి
ఏ లెడ్జర్లోనూ గడి లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కేశాను:
ఇరవై నిమిషాల అనుమానం
పదకొండేళ్ళలో ఎన్నో వంతని.
తేలలేదు.

శుక్రవారం ఇంకో మెయిలు. ఇంకో ఖాతా.
చివర్లో కొత్తగా ఒక వాక్యం:
'నేనే హైమా, అనుమానం వద్దు.'
నవ్వొచ్చింది.
ఆ మాట ఎవడైనా రాయగలడు.

ఫోన్ తీశాను. వేళ్ళు వణికాయి,
అబద్ధమెందుకు.

మొదటి రింగుకే ఎత్తారు.
కాసేపు అటు ఊపిరి, ఇటు ఊపిరి,
మధ్యలో ఏదో రుమాలు కప్పినట్టు.

'అడుగు' అన్నారు.